25 వనరాజా కోడిపిల్లలు వస్తున్నాయి, టీకా సీసా మాత్రం వంద డోసులది. ఏం చేయాలి?

కొత్తపెరడు (సత్తుపల్లి వైపు)
అందరికీ నమస్కారం. ఇంటి వెనక మాకు కొంచెం ఖాళీ స్థలం ఉంది. ఒక మామిడి, రెండు కొబ్బరి చెట్లు, ఓ మూల మునగ. అత్తయ్య ఇదివరకు నాటుకోళ్ళు పెంచేవారు. ఒక ఎండాకాలం ఊళ్ళో కొక్కెర తెగులు వచ్చి వారం తిరక్కుండానే గంప ఖాళీ అయిపోయింది. అప్పట్నుంచి మళ్ళీ తేలేదు. పిల్లలకి రోజూ ఇంటి గుడ్డు పెట్టాలని నాకు గట్టిగా ఉంది. 25 వనరాజా (పెరటి కోళ్ళ రకం) పిల్లలకి చెప్పాను. ఒకరోజు పిల్లలే, వచ్చే వారం ఇస్తామన్నారు.

టీకాలు వేయిస్తానంటేనే కోళ్ళు తెమ్మన్నారు అత్తయ్య. మందుల షాపులో అడిగితే లసోటా (కొక్కెర తెగులు టీకా) సీసా వంద డోసులకి తక్కువ రాదన్నారు. పాతిక పిల్లలకి వాడి మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టుకుని తర్వాత వాడొచ్చా? పిల్లలు వచ్చేలోపు ఇంకా ఏమేం సిద్ధం చేసుకోవాలో కూడా చెప్పండి.

గంపకింద (తణుకు)
అమ్మా, ముందు టీకా సంగతి. కలిపిన మందు దాచకూడదు. సీసాలో ఉండేది ఎండబెట్టిన బిళ్ళలాంటి పొడి. అందులో ప్రాణమున్న వైరస్ ఉంటుంది. ద్రావణం కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. రేపటికి ఉంచి వేస్తే కోడికి టీకా వేశామన్న ధీమా మనకి మిగులుతుంది గానీ కోడికి రక్షణ మిగలదు.

వంద డోసులని దిగులు పడకండి. సీసా ఖరీదు పెద్దదేం కాదు. అసలు మంచి పద్ధతి ఏంటంటే మీ వీధిలో ఎవరెవరికి కోళ్ళున్నాయో అడిగి అందరివీ ఒకే పొద్దున వేయించడం. పక్కింటి కోళ్ళకి టీకా లేకపోతే మీ కోళ్ళ మీద కూడా ముప్పు ఉన్నట్టే. తెగులు గోడ చూసి ఆగదు కదా.

పల్లెపశువైద్యం
గంపకింద గారు చెప్పింది సరైనది. నేను పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి వరస రాసి పెడుతున్నా, కాగితం మీద ఎక్కించి గోడకి అంటించుకోండి.

మేరెక్స్ (కాళ్ళు, రెక్కలు పడిపోయే తెగులు) టీకా పిల్లల్ని పొదిగించే హేచరీలోనే మొదటి రోజు వేయాలి. వేశారా లేదా అని పిల్లలు తీసుకునేటప్పుడే అడగండి. ఐదు నుంచి ఏడో రోజు మధ్య లసోటా, కంట్లోగాని ముక్కులోగాని ఒక చుక్క. పద్నాలుగో రోజు గంబోరో (రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ తెగులు) టీకా చుక్క. నాలుగు వారాలకి లసోటా మళ్ళీ ఒకసారి. ఆరేడు వారాలకి మశూచి టీకా, రెక్క పొరలో గుచ్చుతారు. ఎనిమిది వారాలు నిండాక మళ్ళీ కొక్కెర తెగులుకే ఆర్‌2బి, చర్మం కింద సూది. ఈ ఆర్‌2బి కొంచెం గట్టి టీకా, చిన్న పిల్లలకి వేయకూడదు. మీ ప్రాంతంలో రెండు మూడు రోజులు అటూ ఇటూగా వేస్తుంటే మీ డాక్టర్ గారు చెప్పినట్టే చేయండి.

షాపు నుంచి ఇంటికి ఎలా తెస్తున్నారన్నది టీకా కన్నా ముఖ్యం. ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి అందులో పెట్టుకుని రావాలి. జేబులో వేసుకుని బండి మీద ఎండలో తెచ్చిన టీకా దండగ. చాలామంది "టీకా వేసినా చచ్చిపోయాయి సార్" అంటారు. అడిగి చూస్తే మందు వెచ్చబడి ఉంటుంది.

జొన్నకంకి (నారాయణపేట)
చెల్లీ, టీకా చుక్క వేసే తీరు ఒకటి చెప్తాను, ఇది ఎవరూ సరిగ్గా చూపించరు. పిల్లని అరచేతిలో పట్టుకుని తల మీద బొటనవేలు ఆనించి ఒక పక్కకి తిప్పాలి. కన్ను పైకి వస్తుంది. చుక్క వేసి వెంటనే వదలొద్దు. కంటి మీద నీటిబొట్టు మెరుస్తూ నిలబడుతుంది. పిల్ల ఒకసారి రెప్ప వేస్తే అది లోపలికి ఇంకిపోతుంది. అది చూశాకనే కింద వదలాలి. తొందరపడితే తల విదిలిస్తుంది, మందు మన చీర మీద పడుతుంది. వేసిన పిల్లలు ఒక గంపలోకి, వేయనివి ఇంకో గంపలో. కలిసిపోతే లెక్క దొరకదు.

మేడమీద (హైదరాబాద్)
పిల్లలు రాకముందు కావాల్సింది వెచ్చదనం. వనరాజా పిల్లలకి తల్లి ఉండదు కదా, ఆ పని బల్బే చేయాలి. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రండి. పాతిక పిల్లలకి అరవై వాట్ల పాతరకం బల్బు ఒకటి చాలు, ఎల్‌ఈడీ పనికిరాదు, అది వేడి ఇవ్వదు. చుట్టూ అట్టతోగాని తడికతోగాని అడుగున్నర ఎత్తు గుండ్రంగా కట్టండి. మూలలు ఉంటే అన్నీ ఒకే మూలకి తోసుకుని ఊపిరాడక పోతాయి.

థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కిందే ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. తడిక అంచులకి పోయి నోరు తెరిస్తే వేడి. తలా ఒక చోట తింటూ, కొన్ని కాళ్ళు చాపి పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

గంపకింద (తణుకు)
కరెంటు పోయే ఊరైతే రాత్రికి రెండో దారి ఉండాలి. మేము మట్టికుండలో నిప్పులు వేసి మూత పెట్టి మధ్యలో ఉంచేవాళ్ళం. పొగ రాకుండా, పిల్లలు తగలకుండా చుట్టూ ఇటుకలు. గది తలుపు మొత్తం మూయకూడదు.

కింద ఊక రెండంగుళాలు పరిచి పైన మొదటి మూడు రోజులు పాత పేపరు. లేకపోతే ఊకనే మేత అనుకుని తింటాయి. రాగానే మేత పెట్టొద్దు. ముందు నీళ్ళు, కొంచెం బెల్లం కలిపినవి. ఒక్కొక్క పిల్ల ముక్కు నీళ్ళలో ముంచి చూపించండి. ఒకటి నేర్చుకుంటే మిగతావి చూసి తాగుతాయి. పళ్ళెంలో గులకరాళ్ళు వేయడం మరిచిపోకండి, లోతుగా ఉంటే అందులోనే మునిగి పోతాయి. తర్వాత మొక్కజొన్న రవ్వ, రెండో రోజు నుంచి స్టార్టర్ మేత (చిన్న పిల్లల దాణా).

నల్లరేగడి (మార్కాపురం)
ఇన్ని మందులు దేనికండీ? మా నాయనమ్మ ఏ టీకా వేయించలేదు. పసుపు, వెల్లుల్లి, ఉల్లి నూరి నూకల్లో కలిపి పెట్టేది. యాభై కోళ్ళు తిరిగేవి వాకిట్లో.

జొన్నకంకి (నారాయణపేట)
అన్నా, పసుపు వెల్లుల్లి నేనూ పెడతాను, జలుబుకీ అరుగుదలకీ మంచివంటారు. కానీ కొక్కెర తెగులు వేరు. అది వైరస్. ఆకుపచ్చ పెంట, నోరు తెరిచి గురగుర, రెక్కలు వాలేయడం, మెడ వెనక్కి తిరగడం. అవి కనపడ్డాక ఏ డాక్టరూ ఏ మందూ కాపాడలేదు. మీ నాయనమ్మ గారి కాలంలో కూడా నాలుగైదేళ్ళకోసారి వాకిలి ఖాళీ అయ్యే ఉంటుంది, అడిగి చూడండి. మిగిలిన రెండు పెట్టల్ని పొదుగుకి కూర్చోబెట్టి మళ్ళీ మంద చేసుకునేవాళ్ళు. ఆ నష్టాన్ని అప్పట్లో ఎవరూ లెక్కేసేవారు కాదు, ఆడవాళ్ళ చేతిలో పని కాబట్టి.

నల్లరేగడి (మార్కాపురం)
అమ్మని అడిగాను. నిజమే, ఉగాది దాటాక ఊరు మొత్తం కోళ్ళు పోయిన ఏళ్ళు ఉన్నాయంట. ఈసారి నేనూ వేయిస్తాను. లసోటా కాకుండా నేరుగా ఆర్‌2బి వేస్తే సరిపోదా? నావి పెద్ద కోళ్ళు.

పల్లెపశువైద్యం
మీవి ఎనిమిది వారాలు దాటినవి, ఆరోగ్యంగా ఉన్నవి అయితే నేరుగా వేయవచ్చు. వారం ముందు నులిపురుగుల మందు తాగించండి. కడుపులో పురుగులున్న కోడికి టీకా సరిగ్గా పట్టదు. నీరసంగా ముడుచుకుని ఉన్నవాటికి, అప్పటికే తెగులు కనిపిస్తున్న మందకి వేయకండి. గుడ్లు పెట్టే పెట్టలకి వేస్తే కొన్నాళ్ళు గుడ్లు తగ్గొచ్చు, కంగారు పడొద్దు.

ఇంకొక మాట. చాలా తెగుళ్ళు సంత నుంచి వస్తాయి. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ళతో ఉంచి తర్వాతే మందలో కలపండి. పోయిన కోడిని కాలవలో విసరొద్దు, కోసుకుని ఈకలు పెంటమీద వేయొద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

కొత్తపెరడు (సత్తుపల్లి వైపు)
పిల్లలు వచ్చాయి! మేరెక్స్ వేశామని కాగితం ఇచ్చారు. ఆరో రోజు లసోటా వేయించాం, వీధిలో ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు వాళ్ళ పిల్లల్ని గంపల్లో పట్టుకొచ్చారు. అక్క చెప్పినట్టే రెప్ప వేసేదాకా ఆగాం. చుక్కలు వేసింది మా అత్తయ్యే.

ఇప్పుడు మూడో వారం. నిన్నట్నుంచి మూడు పిల్లలు రెక్కలు వేలాడేసి కళ్ళు మూసుకుని నిలబడుతున్నాయి. పెంటలో ఎర్రగా కనిపిస్తోంది. టెన్షన్‌గా ఉంది. ఇది కూడా తెగులేనా?

పల్లెపశువైద్యం
మీరు చెప్పేదాన్ని బట్టి కొక్కెర కాదు. ఈ వయసులో నెత్తురు విరేచనాలంటే ముందు అనుమానించాల్సింది కాక్సిడియోసిస్. తడి ఊకలో బతికే పరాన్నజీవి వల్ల వచ్చే పేగుల జబ్బు. దీనికి మందు ఉంది, ఆలస్యం చేయకపోతే చాలావరకు నిలబడతాయి. ఆంప్రోలియం పొడి, పాకెట్ మీద ఉన్న కొలత ప్రకారం నీళ్ళలో, అన్ని పిల్లలకీ. ఆ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఉంచొద్దు, రోజూ కొత్తగా కలపండి. వీలైతే ఈ రోజే పెంట కొంచెం కవర్‌లో పట్టుకుని మీ దగ్గర ఆసుపత్రికి వెళ్ళండి, సూక్ష్మదర్శినిలో చూసి చెప్తారు.

నీళ్ళ పళ్ళెం చుట్టూ ఊక తడిసి గట్టిగా అట్టకట్టిందేమో చూడండి.

కొత్తపెరడు (సత్తుపల్లి వైపు)
అవును సార్, చేత్తో తీస్తే పలకలా లేచింది, కింద ఘాటు వాసన. ఆసుపత్రిలో కూడా అదే అన్నారు.

గంపకింద (తణుకు)
ఆ తడి మొత్తం తీసేసి పొడి ఊక పోయండి. కాస్త పొడి సున్నం కలిపితే తేమ పీల్చుకుంటుంది. నీళ్ళ పళ్ళెం కింద రెండు ఇటుకలు పెట్టి పిల్లల వీపు ఎత్తుకి తెండి, అప్పుడు కాళ్ళతో చిమ్మవు. రోజూ పొద్దున ఒక పుల్లతో ఊకని కలియబెట్టాలి. వాసన వస్తోందంటే పిల్లలకి మనకన్నా ముందే తెలుస్తోందని అర్థం, వాటి ముక్కు నేలకి అంత దగ్గర కదా.

కొత్తపెరడు (సత్తుపల్లి వైపు)
ఒకటి పోయింది. మిగతా రెండూ లేచి మేత తింటున్నాయి. 24 ఉన్నాయి. అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను.

మేడమీద (హైదరాబాద్)
సంతోషం అండీ. పెరట్లోకి వదిలే ముందు గూడు చూసుకోండి. పెద్ద కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగులు ఉండాలి. నేలకి రెండడుగుల ఎత్తున ఉంటే పెంట ఊడ్చుకోవడం తేలిక, తేమ ఉండదు. రాత్రి కూర్చోడానికి లోపల గుండ్రటి కర్రలు. ఇనుప జాలి కన్నాలు చిన్నవి తీసుకోండి.

జొన్నకంకి (నారాయణపేట)
జాలి గురించి గట్టిగా చెప్పాలి. కోళ్ళ కంచె అని అమ్మే పెద్ద కన్నాల జాలి కోడిని లోపల ఉంచుతుంది, ముంగిసని బయట ఉంచదు. ముంగిస నేల తవ్వి వస్తుంది కూడా. జాలి అడుగున ఒక అడుగు భూమిలోకి దింపి రాళ్ళు పేర్చాలి. పగలు గద్ద భయం. మీకు చెట్లున్నాయి కాబట్టి కొంత నయం, నాటుకోడి పుంజు ఒకటి ఉంటే ఇంకా నయం. ఆకాశంలో నీడ కదిలితే అది ఒక రకంగా కూత పెడుతుంది, పెట్టలన్నీ పొద కిందికి దూరతాయి. వనరాజా పుంజులు బరువెక్కువ, ఆ చురుకు తక్కువ.

నల్లరేగడి (మార్కాపురం)
ఐతే నాటుకోళ్ళే తెచ్చుకోవాల్సింది కదా? వనరాజా ఎందుకు?

పల్లెపశువైద్యం
ఏం కావాలన్న దాన్ని బట్టి. నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడుతుంది, మధ్యలో పొదుగుడికి కూర్చుంటుంది, పిల్లల్ని తిప్పుతుంది. వనరాజా రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారు చేసిన రకం. పెరట్లో నూరు గుడ్ల వరకు, మాంసం కూడా బాగా వస్తుంది. గుడ్లే ముఖ్యమైతే అక్కడే తయారైన గ్రామప్రియ ఇంకా ఎక్కువ పెడుతుంది.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, వనరాజా గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలకి తల్లి గుణాలు పూర్తిగా రావు. అది సంకర రకం, మందని మార్చాలంటే కొత్త పిల్లల్ని తెచ్చుకోవడమే. రెండు, పెట్టల్ని మేపి మేపి లావు చేయకండి. గుడ్లకి వచ్చే ఆరు నెలలప్పుడు రెండున్నర కిలోలు దాటితే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి. పెరట్లో తిరిగి ఏరుకున్నాక సాయంత్రం ఒక్క పూట గింజలు చాలు.

గంపకింద (తణుకు)
నా మటుకు నేను రెండూ ఉంచుతాను. వనరాజా గుడ్లకి, రెండు మూడు నాటుపెట్టలు పొదగడానికి. నాటుపెట్ట కింద పది పన్నెండు గుడ్లకి మించి పెట్టొద్దు, రెక్కల కింద పట్టవు. వారం లోపు గుడ్లే పెట్టండి, పొదుగుకి పెట్టిన ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో చూస్తే లోపల ఎర్రటి నరాలు కనపడతాయి. ఏమీ లేకుండా తేటగా ఉన్నవి తీసేయండి. ఇరవై ఒకటో రోజు పగులుతాయి.

జొన్నకంకి (నారాయణపేట)
మేత ఖర్చు గురించి ఎవరూ అడగలేదు, అసలు కష్టం అక్కడే. స్టార్టర్ మేత ఆరు వారాల దాకా తప్పదు. తర్వాత నూకలు, తవుడు, జొన్నలు, వంటింటి కూరగాయ తొక్కలు, మునగాకు. కానీ గింజలతో మాంసకృత్తులు చాలవు. మా దగ్గర చెదల కుండ పెడతాం. పాత మట్టికుండలో తడిపిన ఎండుగడ్డి, కొంచెం పేడ, చినిగిన గోనెగుడ్డ కూరి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లిస్తాం. పొద్దున ఎత్తి చూస్తే గడ్డి పోచ పోచకీ తెల్లగా అంటుకుని ఉంటాయి. పిల్లల ముందు దులిపితే ఇక వాటి ఆనందం చూడాలి. ఖర్చు పైసా లేదు. ఇంటి గోడకీ దూలాలకీ దూరంగా పెట్టండి మరి.

మేడమీద (హైదరాబాద్)
అక్కా, మేడ మీద చెదలు ఎలా! నేను అజొల్లా (నీళ్ళ మీద తేలే మేత మొక్క) వేశాను, టార్పాలిన్ తొట్టిలో. పెంకు పల్చబడితే ఎండిన గుడ్డు పెంకులు బాగా నలిపి పెడుతున్నా. నలపకుండా వేస్తే గుడ్లు పొడుచుకు తినడం అలవాటవుతుంది.

నల్లరేగడి (మార్కాపురం)
బర్డ్ ఫ్లూ సంగతి ఏంటి? 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు మా ఊళ్ళో కూడా గుడ్లు తినడం మానేశారు.

గంపకింద (తణుకు)
అది మా పక్కనే, వేల్పూరులో. చుట్టూ కిలోమీటరు లోపల కోళ్ళన్నిటినీ తీసేశారు, పెరటివి కూడా. కళ్ళ ముందు చూశాం, చాలా బాధ పడ్డాం. కాబట్టి మందలో ఉన్నట్టుండి ఎక్కువ కోళ్ళు పోతే దాచొద్దు, పశువుల ఆసుపత్రికి చెప్పండి. బాగా ఉడికించిన గుడ్డుతో, మాంసంతో భయం లేదు. చచ్చిన కోడిని మాత్రం ఉత్త చేతులతో ముట్టుకోవద్దు.

నిర్వాహకులు
సంక్రాంతి దగ్గరపడుతోంది కాబట్టి పుంజుల రేట్లు, పందేల మాటలు ఈ చర్చలోకి తేవద్దు. కోడిపందేలు చట్టప్రకారం నేరం. పెంపకం గురించి ఎంతైనా రాయండి.

కొత్తపెరడు (సత్తుపల్లి వైపు)
పిల్లలకి తొమ్మిదో వారం నడుస్తోంది. పెరట్లో తిరుగుతున్నాయి, మశూచి టీకా కూడా అయింది. ఇప్పుడు ఆర్‌2బి. మొదటిసారి నాలుగిళ్ళే వచ్చారు. ఈసారి నేను, అత్తయ్య కలిసి వీధి మొత్తం తిరిగి అడిగాం. పదకొండిళ్ళలో ఎనిమిది వారాలు దాటిన కోళ్ళు 87 తేలాయి, మావి కలిపి. వంద డోసుల సీసా సరిపోతుంది. తలా కొంచెం వేసుకుంటే ఖర్చు కోడికి ఒక గుడ్డు ధర కూడా పడట్లేదు. ఆదివారం పెట్టుకోవచ్చా?

పల్లెపశువైద్యం
చాలా మంచి పని చేశారమ్మా. పెట్టుకోండి, కానీ తెల్లవారుజామున. కోళ్ళని వదలకముందే, గంపల కింద ఉండగానే మొదలుపెట్టాలి, వదిలాక పట్టుకోలేరు. నులిపురుగుల మందు ఈ రోజో రేపో అందరితో తాగించి, టీకా ఈ ఆదివారం కాకుండా ఆ పై ఆదివారానికి మార్చండి. సీసా శనివారం సాయంత్రం తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. కలిపాక గిన్నెలో ఐసు మీద ఉంచాలి. కోడికి అర మిల్లీలీటరు, రెక్క కింద చర్మం ఎత్తి. వేసేది మీ ఊరి పశువైద్య సిబ్బంది అయితే మంచిది, ముందే ఫోన్ చేసి చెప్పండి.

కొత్తపెరడు (సత్తుపల్లి వైపు)
ఫోన్ చేశాను, వస్తామన్నారు. ఆ పై ఆదివారం పొద్దున ఐదున్నరకి మా ఇంటి ముందు. ఐసు నాది, గంపలు ఎవరివి వాళ్ళు తెస్తారు. సూదులు ఎన్ని తీసుకోవాలి సార్?

పల్లెపశువైద్యం
ఇంటికొకటి కొత్తది. పదకొండిళ్ళకి పన్నెండు తీసుకోండి.